ఎడమ సీటుకు చేరని పాట

మా కారులో పాట సరిగ్గా వినిపించే చోటు ఒక్కటే ఉండేది. అది స్టీరింగు వెనక సీటు. ఆ సంగతి తెలియడానికి నాకు మూడేళ్ళు పట్టింది. ఆ మూడేళ్ళూ ఎడమ సీటులో కూర్చుని, "ఎట్టా ఉండాది?" అని మా ఆయన అడిగినప్పుడల్లా "బాగుండాది" అంటూ వచ్చాను.

మేముండేది ఆత్మకూరులో. నేను ఉదయగిరిలో టీచర్ని, ఆయనదీ అక్కడే ఒక ఆఫీసులో ఉద్యోగం. పొద్దున పోవడం, సాయంత్రం రావడం, రెండు పూటలా అదే కారు, అదే రోడ్డు, పక్కన అదే మనిషి. బడి నాలుగింటికి వదిలినా ఆయన ఆఫీసు వదలాలి కదా. ఆరింటి దాకా బడి వరండాలో ఒక్కదాన్నే కూర్చుని నోటుపుస్తకాలు దిద్దుకునేదాన్ని. వాచ్‌మన్ తాళాలగుత్తి పట్టుకుని నా ఎదుట నిలబడి గొంతు సవరించుకుంటూ ఉండేవాడు.

కారు నా పేరు మీదే ఉంది. డ్రైవింగు లైసెన్సు పెళ్ళికి ముందు నుంచీ నా హ్యాండ్‌బ్యాగులోనే ఉంది. మా నాయన ఒక ఆసుపత్రి జీపు తోలేవాడు. సెలవు రోజుల్లో ఉదయగిరి బయట మట్టిరోడ్డు మీద అదే జీపుతో నాకు నేర్పాడు, ఎవరికీ చెప్పవద్దని ఒట్టు వేయించుకుని. కాబట్టి నా కోరిక గొంతెమ్మ కోరికేమీ కాదు. నా కారు నేను తోలుకుంటూ నా బడికి పోవాలి, నాలుగింటికి ఇంటికి బయల్దేరాలి. ఆయనకు బైకు ఉంది. ఈ మాట నెలకొకసారైనా అడిగేదాన్ని. ఆయన ఎప్పుడూ కాదనలేదు. కాదనని మనిషితో పోట్లాడటం ఎంత కష్టమో పడ్డవాళ్ళకే తెలుసు. "తోలుదువులే" అనేవాడు. ఆ తోలుదువులేకి అడ్డం వచ్చింది పాట.

కారు కొన్న కొత్తలో దాంతో వచ్చిన స్పీకర్లే ఉండేవి. నాకు అవి చాలు, ఆయనకు చాలలేదు. ఆత్మకూరులో ఒక షాపులో ముందు తలుపుల స్పీకర్లు మార్పించాడు. పాట పెద్దదయింది తప్ప బాగుపడలేదు. యాంప్లిఫయరు పెట్టించాడు. దాంతో పాట వెనక కీ మని సన్నటి చప్పుడు మొదలయింది. ఇంజను వేగం పెరిగేకొద్దీ అదీ పెరిగేది, గేరు మారితే తగ్గేది. నెల రోజులు చెవిలో జోరీగను పెట్టుకుని తిరిగాం. చివరికి తేలిందేమిటంటే, ఎర్తు వైరు బిగించేటప్పుడు రేకు మీది రంగు గీకకుండానే బోల్టు వేశారట. గీకి బిగిస్తే పోయింది. ఆ రోజు ఆయన ఇంటికి మిఠాయి తెచ్చాడు.

ఇక్కడ నా గురించి ఒక మాట చెప్పుకోవాలి. నాకు చెవి ఉంది. మా నాయన ఆదివారం చర్చిలో హార్మోనియం వాయించేవాడు, నేను పాడేవాళ్ళ గుంపులో రెండో గొంతు పాడేదాన్ని. పదిమంది పాడుతుంటే ఎవరి శ్రుతి జారిందో కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని. అందుకే మొదట్లోనే ఆయనతో అన్నాను, తప్పు స్పీకర్లది కాదు, మీ పెన్‌డ్రైవులో పాటలే నాసిరకం, ఎవరో పిండి పిండి చిన్నవి చేసి ఎక్కించారు, తాళాలు మోగిన చోట ఇసుక పోసినట్టు వినిపిస్తున్నది అని. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఏడాది తర్వాత నెల్లూరులో ఈ పనిలో పేరున్న ఒకాయన అదే మాట చెబితే, ఇంటికొచ్చి నాకే పాఠం చెప్పాడు. పాటలన్నీ మంచివి కొని ఎక్కించాడు. నిజంగానే సగం జబ్బు అక్కడే కుదిరింది. నేను ముందే చెప్పిన సంగతి ఆయనకు గుర్తు లేదు. నేనూ గుర్తు చేయలేదు. అలాంటివి దాచుకోవడం నాకు అలవాటు.

ఆ తర్వాత దరువు గట్టిగా పలకడానికి బాస్ పెట్టె వచ్చింది. చిన్న కారు, డిక్కీలో పట్టలేదు. వెనక సీటు మడిచి దాని మీద బిగించారు. అంతదాకా ఆత్మకూరు నుంచి మాతో ఇంకో టీచరమ్మ వెనక సీటులో వచ్చేది. ఆమె ఉంటే నాకు నోరు కదిలేది. పెట్టె వచ్చాక ఆమె వేరే బండి చూసుకుంది. ఇక ఆయనా నేనూ పాటా.

నెల్లూరాయన లాప్‌టాపు, చిన్న మైకు పట్టుకుని సగం రోజు మా కారులో కూర్చున్నాడు. తోలేవాడి చెవికి కుడి స్పీకరు దగ్గర, ఎడమది దూరం. దగ్గరదాన్ని రవ్వంత ఆలస్యంగా పలికిస్తే రెండూ ఒక్కసారే చెవికి చేరతాయి, పాడే మనిషి ఎదురుగా అద్దం మధ్యలో నిలబడినట్టు ఉంటుంది. అదీ ఆయన కిటుకు. మా ఆయన తల ఎక్కడుంటుందో అక్కడ మైకు పెట్టి కొలిచాడు. ఇక ఈ సీటు జరపకండి, జరిపితే లెక్క తప్పుతుంది అన్నాడు. మా ఆయన ఇంటికి రాగానే నా గోళ్ళరంగు అడిగి తీసుకుపోయి, సీటు జరిగే పట్టా మీద ఎర్రగా గీత పెట్టాడు.

నేను ఆయన భుజం దాకా వస్తాను. ఆ సీటులో కూర్చుంటే నా కాలు క్లచ్చుకు అందదు. ముందుకు జరుపుకోవాలి. జరుపుకుంటే ట్యూనింగు పోతుంది. తోలుదువులే అన్న మాట ఆ రోజు నుంచి గీత మీద ఆగిపోయింది.

అప్పటి నుంచి నాకు ఇంకో బాధ మొదలయింది. ఆయన కళ్ళు సగం మూసుకుని "ఎదురుగా నిలబడి పాడినట్టు లేదూ" అనేవాడు. నాకేమో గొంతు నా మోకాలి పక్కన తలుపులోంచి, గోనెసంచిలో మూటగట్టినట్టు వచ్చేది. వయొలిను ఎక్కడో ఆయనకు అవతల గీసుకుంటూ పోయేది. ముందు ఆయన గొప్ప చెప్పుకుంటున్నాడు అనుకున్నాను. నెలలు గడిచేకొద్దీ నా చెవే మందగించిందని అనుకున్నాను. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం పాడేవాళ్ళ గుంపులోకి పోకుండా వెనక బెంచీలో కూర్చున్నాను. ఒంట్లో బాగాలేదా అని అడిగారు. అవునన్నాను. తర్వాతి ఆదివారమూ అక్కడే కూర్చున్నాను, ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

ఆయన మాత్రం ఆగలేదు. రేకు అదరకూడదని తలుపుల లోపల నల్లటి మందపాటి షీట్లు ఆత్మకూరు షాపులోనే వేయించాడు. తలుపు వేస్తే బీరువా వేసినట్టు పడేది. పక్కనుంచి లారీ పోయినా వినపడదు. షీట్లు అతికించేటప్పుడు తలుపు అడుగున వరసగా చిన్న చిన్న బెజ్జాలు కనిపించాయి. "దుమ్ము వచ్చేది ఈడ్నుంచే" అని ఆయన వాటినీ మూయించాడు. ఉదయగిరి రోడ్ల మీద తిరిగేవాళ్ళు ఎవరైనా అదే అనుకుంటారు. మాకు తెలిసింది దుమ్ము. వాన మాకు ఎప్పుడో చుట్టపుచూపుగా వచ్చి పోయేది. ఆ బెజ్జాలు తలుపులోకి దిగిన వాననీళ్ళు బయటికి పోవడానికని ఆయనకూ తట్టలేదు, షీట్లు అతికించినవాడికీ తట్టలేదు.

పోయిన నవంబరులో అల్పపీడనం పట్టి నాలుగు రోజులు ఆగకుండా కురిసింది. అయిదో రోజు నుంచి బ్రేకు వేసినప్పుడల్లా నా పక్క తలుపులో గుడగుడమని చప్పుడు. స్పీకరు చిరిగిందన్నాడు ఆయన. ఆ పాట ఆపి ఈ పాట పెట్టి, చెవి ఒగ్గి, మూడు రోజులు వెతికాడు. నీళ్ళ చప్పుడులా ఉందన్నాను. పాటలో నీళ్ళెక్కడివి అన్నాడు. చివరికి ఒక బెజ్జం పొడిస్తే బిందెడు నీళ్ళు ఎర్రగా కారాయి. అప్పటికే లోపల తాళం మోటారు, అద్దం మోటారు చచ్చి ఊరుకున్నాయి. తలుపు తాళం పడ్డది పడ్డట్టే బిగుసుకుపోయింది. లోపలి నుంచీ రాదు, బయటి నుంచీ రాదు.

ఆత్మకూరు మెకానిక్ ఒక్క పూటలో విప్పి ఇస్తానన్నాడు. విప్పాలంటే షీట్లు కోయాలి. కోస్తే సౌండు చెడుతుంది. నెల్లూరాయనే విప్పాలి, ఇంకొకరి చెయ్యి పడకూడదన్నాడు మా ఆయన. నెల్లూరాయనేమో క్రిస్మస్ పోయాక రమ్మన్నాడు.

నా అవస్థ అప్పటి నుంచి చూడాలి. వెనకంతా బాస్ పెట్టె, అటు దారి లేదు. కుడి తలుపులోంచి వంగి, స్టీరింగు కింద దూరి, గేరు రాడ్డు దాటి, కుచ్చిళ్ళు ఒక చేత్తో క్యారియరు ఇంకో చేత్తో పట్టుకుని ఎడమ సీటులోకి పడాలి. ఆ తర్వాత ఆయన ఎక్కి, కుండకు మూత పెట్టినట్టు కూర్చునేవాడు. నేను దిగాలంటే ముందు ఆయన దిగాలి. పాట అయ్యేదాకా ఆయన దిగడు. బడి గేటు ముందు, లోపల ప్రార్థన గంట కొడుతుంటే, ఆఖరి చరణం అయ్యేదాకా నేను కారులో కూర్చుని ఉండేదాన్ని. టీచరు పాకుతూ దిగడం చూడటానికి పిల్లలు గేటు దగ్గర చేరేవాళ్ళు. తల కొట్టేసినట్టుండేది. మూడు రోజులు బస్సులో పోయాను. బస్సు అందించేది ప్రార్థన అయ్యాకే. మూడో రోజు హెడ్‌మాస్టరు గోడ గడియారం వంక చూశాడు. మళ్ళీ గేరు రాడ్డు దాటాను.

రోజుకు నాలుగుసార్లు స్టీరింగు ముందు నుంచి పాక్కుంటూ పోయాను. ఒక్కసారైనా అక్కడ ఆగలేదు. ఇప్పుడు తలుచుకుంటే ఆయన మీద కంటే నా మీదే నాకు ఎక్కువ కోపం వస్తుంది.

క్రిస్మస్‌కు పది రోజుల ముందు బడిలో బోరు చెడింది. బాత్రూములో నీళ్ళు లేవు. ఇంటికి పోయేదాకా ఓర్చుకుందామని సాయంత్రం కారెక్కాను. దారిలో మర్రిపాడు దగ్గర పెద్ద రోడ్డు మీద లారీలు ఆగే టీ కొట్టు ఒకటి ఉంది. అక్కడ ఆయనకు తెలిసినవాడు చెయ్యెత్తాడు. వాడు కొత్త కారు కొని, దాంట్లో కొత్త సిస్టమ్ పెట్టించాడట. అయిదు నిమిషాల్లో విని వస్తానని ఈయన దిగాడు. నాకు ఉక్కపోయకుండా ఇంజను ఆపలేదు, ఏసీ ఆపలేదు. పాటా ఆపలేదు.

అయిదు నిమిషాలు పావుగంటయింది. ఆ కారు అద్దాలు మూసి ఉన్నాయి, లోపల ఇద్దరి తలలూ ఊగుతున్నాయి. ఫోను చేశాను. మా కారులోనే, నాలుగు మూలల నుంచీ, ఎంతో స్పష్టంగా ఆయన ఫోను మోగింది. గేరు పక్కన గుంటలో పెట్టి మరిచిపోయాడు. తెర మీద నా ఫొటో వెలిగింది. చెయ్యి చాచి హారను కొట్టాను. లారీవాళ్ళు చూశారు గానీ ఆయన చూడలేదు. ఆ కారు తలుపుల్లోనూ షీట్లు ఉంటాయి కదా. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇక ఆగలేక కుడి సీటులోకి జరిగి, తలుపు పిడి మీద చెయ్యి వేశాను. అప్పుడు వినిపించింది.

రోజూ నా మోకాలి దగ్గర నలిగే గొంతు ఎదురుగా అద్దం మధ్యలో నిలబడి పాడుతున్నది. కొంచెం వెనగ్గా వయొలిను, ఇటు పక్క తబలా. చరణం ఎత్తుకునే ముందు ఆమె ఊపిరి తీసుకుంది. మూడేళ్ళుగా అదే పాట వింటున్నాను, ఆ ఊపిరి ఎప్పుడూ వినలేదు. ఎడమకు వంగి నా సీటు మీదికి తల పెట్టి చూశాను. గొంతు మళ్ళీ తలుపులో పడిపోయింది. నిటారుగా కూర్చున్నాను, లేచి నిలబడింది.

నా చెవికి ఏమీ కాలేదు. ఆయన గొప్పలూ చెప్పుకోలేదు, ఆయనకు నిజంగా ఇదే వినిపిస్తూ వచ్చింది. జానెడు దూరంలో ఇద్దరం కూర్చుని ఇన్నేళ్ళు వేరే వేరే పాటలు విన్నాం. వెనక బెంచీలో కూర్చున్న ఆదివారాలన్నీ గుర్తొచ్చి నాకు దుఃఖం ముంచుకొచ్చింది.

దుఃఖం ఆపుకోవచ్చు, ఇంకొకటి ఆపుకోలేం. టీ కొట్టులో ఆడవాళ్ళకు చోటు లేదు. కాస్త ముందుకు పోతే పెట్రోలు బంకు ఉంది. కాలు చాచాను, క్లచ్చు అందలేదు. వంగి చూస్తే పట్టా మీద నా గోళ్ళరంగు. సీటు కింది కడ్డీ ఎత్తి ముందుకు జరిపాను. పట్టా పళ్ళ మీద టక్, టక్, టక్, టక్. గీత నా వెనక ఉండిపోయింది. అద్దం మధ్యలో గొంతు కొంచెం పక్కకు తొలిగింది. ఆయన చెప్పింది నిజమే, జరిపితే లెక్క తప్పుతుంది.

బండి కదిలించబోతే ఇంజను ఆగిపోయింది. మట్టిరోడ్డు మీద మా నాయన చెప్పిన మాట గుర్తొచ్చింది. "బండిని కాలితో తోలబాకమ్మా, చెవితో తోలు." పాట ఆపేసి, బండి మళ్ళీ స్టార్టు చేశాను. అప్పుడు ఇంజను వినిపించింది. అది బరువెక్కిన చోట క్లచ్చు మెల్లగా వదిలాను, కారు కదిలింది. రోడ్డు తప్పలేదు.

బంకుకు పోయి, పని చూసుకుని, మొహం కడుక్కుని తిరిగి వచ్చేసరికి ఆయన రోడ్డు మీద నెత్తిన చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బండి ఎవరో ఎత్తుకపోయినారనుకున్నా," అన్నాడు.

"లోపల నేను కూడా ఉండాను గదా," అన్నాను.

దిగమన్నాడు. దిగాను. ఆయన ఎక్కాలన్నా ఆ ఒక్క తలుపే దారి. తలుపు పట్టుకుని నిలబడ్డాను. ఆయన వంగి సీటు చూశాడు, గీత చూశాడు, చెయ్యి కడ్డీ మీదికి పోయింది. ఆయన దాన్ని ఎత్తి వెనక్కి జరిపి ఉంటే నేను ఈ రోజుకూ ఎడమ సీటులోనే ఉండేదాన్ని. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు.

"సీటు జరపబాకండి," అన్నాను. "అట్టనే దాటుకోని ఆ పక్కకు పోండి. నేను రోజూ పోయేది అట్టనే గదా."

లారీవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. వాళ్ళు లేకపోతే ఏమయ్యేదో చెప్పలేను. ఆయన వంగి దూరాడు. తల కప్పుకు కొట్టుకుంది, ప్యాంటు గేరు రాడ్డుకు తగులుకుంది. ఎడమ సీటులో పడ్డాక చొక్కా సర్దుకున్నాడు. నేను ఎక్కి తలుపు వేసి, పెద్ద రోడ్డు మీదికి వచ్చాక అదే పాట పెట్టాను. కాసేపు విని, తల అటూ ఇటూ తిప్పి, తలుపు మీదికి వంగాడు.

"ఈ పక్క ఏంది ఇట్టా ఉండాది? గొంతు మోకాలికాడ్నుంచి వస్తా ఉండాది."

"మూడేళ్ళ నుంచీ ఆడ్నుంచే వస్తా ఉండాది," అన్నాను.

ఆత్మకూరు దాకా ఆయన ఆ తలుపు మీద చెవి పెట్టుకునే వచ్చాడు.

క్రిస్మస్ అయ్యాక నెల్లూరు పోయాం. అక్కడి దాకా నేనే తోలాను. నెల్లూరాయన తలుపు విప్పి, మోటార్లు మార్చి, అడుగు బెజ్జాలు తెరిచి, వాటిని మూసినవాళ్ళను నాలుగు తిట్టాడు. మూయించినవాడు పక్కనే నిలబడి నేల చూశాడు. తర్వాత మా ఆయనే మెల్లగా అడిగాడు, రెండో సీటుకు ఏమీ చేయలేమా అని.

"దీంట్లో నాలుగు సెట్టింగులు దాచుకోవచ్చు సార్," అన్నాడు నెల్లూరాయన. "మీరు ఒక సీటుకే అడిగినారు, చేసినాను. తతిమ్మా మూడూ ఆ రోజు నుంచి ఖాళీగానే ఉండాయి. పది నిమిషాల పని."

పది నిమిషాలు. నాకు అసలైన కోపం వచ్చింది అప్పుడు. మూడేళ్ళు పాట నాకు చేరకపోయినందుకు కాదు. ఎడమ సీటుకూ చేరుతుందా అని నెల్లూరాయన్ను ఒక్కసారి అడిగి ఉంటే అయిపోయే పని, అడగాలని ఆయనకు తోచలేదు. చేరడం లేదని నేనూ చెప్పలేదు, బాగుంది బాగుంది అంటూ కూర్చున్నాను.

నెల్లూరాయన మైకు తీసి, ఇప్పుడు ఏ సీటుకు చేయమంటారని అడిగాడు. "ఆమె సీటుకు," అంటూ మా ఆయన ఎడమ సీటు చూపించాడు. ఇన్నేళ్ళ అలవాటు, చెయ్యి దానంతటదే అటు పోయింది.

నేను పోయి కుడి సీటులో కూర్చున్నాను. క్లచ్చు అందేదాకా ముందుకు జరుపుకుని తల నిటారుగా పెట్టాను.

"నా తల ఈడుంటాది," అన్నాను. "ఈడ కొలవండి."

నెల్లూరాయన ఆయన మొహం చూశాడు. మా ఆయన కారు చుట్టూ తిరిగి పోయి, కొత్తగా బాగుపడిన ఎడమ తలుపు తెరిచి, నా పక్క సీటులో కూర్చున్నాడు. కాసేపు కాళ్ళ దగ్గర స్పీకరును చూసి, మూడో సెట్టింగు ఈ సీటుకు చేయమన్నాడు.

కొలతలు అయ్యేదాకా నేను కదలలేదు. అయ్యాక హ్యాండ్‌బ్యాగులోంచి గోళ్ళరంగు తీశాను. పొద్దున ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే లైసెన్సు పక్కన వేసుకుని వచ్చాను. కిందికి వంగి, ఆయన గీతకు నాలుగు పళ్ళ ముందు ఇంకో గీత పెట్టాను.